గేట్లు లేని తోట: మ్యూనిక్‌లో జూలై నడకలు

రంఫర్డ్ పేరు ఇంటర్ ఫిజిక్స్ చదివిన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫిరంగి గొట్టాలు తొలిచేటప్పుడు లోహం అంతలా ఎందుకు వేడెక్కుతోందని ఆలోచించి, వేడి ఒక ద్రవం కాదు, కదలిక నుంచే పుడుతుంది అని వాదించిన మనిషి. తొలిచే యంత్రాన్ని తిప్పే గుర్రాలు తిరుగుతున్నంత సేపూ వేడి వస్తూనే ఉంది. రెండున్నర గంటల్లో, ఆ లోహాన్ని ముంచిన తొట్టిలో నీళ్ళు మరిగాయి. నిప్పు లేకుండా నీళ్ళు మరగడం చూసి చుట్టూ నిలబడ్డవాళ్ళు నోళ్ళు తెరిచారట. విజయవాడలో లెక్చరర్‌గా పనిచేసినన్నాళ్ళూ ఉష్ణం పాఠం నేను ఈ కథతోనే మొదలుపెట్టేదాన్ని. ఆ ప్రయోగం జరిగింది జర్మనీలోని మ్యూనిక్ ఆయుధశాలలో అని తెలుసు. ఆ మనిషే ఆ ఊళ్ళో 375 హెక్టార్ల పెద్ద తోటకు పునాది వేశాడని మాత్రం మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాకే తెలిసింది. దాని పేరు ఎంగ్లిషర్ గార్టెన్, అంటే ఇంగ్లిష్ తోట. న్యూయార్క్ సెంట్రల్ పార్కు కన్నా పెద్దది.

అందుకే రాజభవనాలూ, మ్యూజియాలూ పక్కన పెట్టి, దొరికిన తీరికంతా ఆ తోటలోనే తిరిగాను. ఊరు చేరి సామాను ఇంకా పూర్తిగా సర్దుకోలేదు, మర్చిపోకముందే రాస్తున్నాను.

గురువారం: ఉత్తరపు కొస నుంచి

మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో బడి సెలవులు జూలై ఆఖరు దాకా మొదలుకావు. రెండో తరగతి చదివే మనవరాలు మధ్యాహ్నం ఇల్లు చేరాక, అన్నాలు తిని, అమ్మాయీ నేనూ దాన్ని వెంటబెట్టుకుని బయల్దేరాం. వాళ్ళుండే ఫ్రైమాన్ ఊరికి ఉత్తరాన ఉంటుంది. తోట కొస అక్కడికి నడిచేంత దూరమే.

నేను గేటు కోసం చూస్తూ నడిచాను. మన దగ్గర పార్కు అంటే ముందు గోడ, గోడకో గేటు, గేటు పక్కన టికెట్ల గది, దాని మీద వేళల బోర్డు. ఇక్కడ వీధి అయిపోయింది, చెట్లు మొదలయ్యాయి. "పార్కు ఇంకెంత దూరం?" అని అడిగితే, "ఇందాకే వచ్చేశాం అమ్మా" అంది అమ్మాయి. రాత్రి కూడా మూయరట. మూయడానికి ఏమీ లేదు.

ఈ ఉత్తర భాగాన్ని హిర్షావ్ అంటారు. ఒకప్పుడు పాలకులు జింకలను వేటాడిన అడవి. వేట చూసుకునే అధికారి కోసం 1810 ప్రాంతంలో కట్టిన ఔమైస్టర్ అనే ఇల్లు ఇప్పుడు హోటలు. ముందంతా చెస్ట్‌నట్ చెట్లు, వాటి కింద బల్లలు. అక్కడ కూర్చుని ఆపిల్ కేకు, కాఫీ తీసుకున్నాం. ముగ్గురికీ కలిపి ఇరవై యూరోలు దాటింది. యూరోలను రూపాయల్లోకి మార్చి లెక్కకట్టడం నేను అప్పుడే మొదలుపెట్టాను. "అలా లెక్కేస్తే నీకు ఇక్కడ మంచినీళ్ళు కూడా గొంతు దిగవు" అని అమ్మాయి నా చేతిలోంచి బిల్లు లాక్కుంది.

అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే పొడవాటి గడ్డి మైదానాలు. ఒకచోట గొర్రెల మంద మేస్తోంది. పక్కన కర్ర పట్టుకున్న కాపరి, ఆయన చుట్టూ తిరుగుతూ ఒక కుక్క. పదిహేను లక్షల జనం ఉన్న నగరంలో గొర్రెల కాపరి! కోత యంత్రంతో కోస్తే గడ్డిలోని పురుగూ, పువ్వూ పోతాయి. గొర్రెలు మేస్తే కొంత మిగులుతుంది. మనవరాలు దూరం నుంచే వాటికి చెయ్యి ఊపింది. కాపరి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

సరస్సు వైపు వెళ్ళాల్సిన మేము ఒక చీలిక దగ్గర ఎడమకు తిరిగాం. చెట్లు దట్టమయ్యాయి, నీళ్ళ హోరు వినిపించింది, చూస్తే ఎదురుగా ఈజార్ నది, దాని మీద ఓబర్‌ఫోరింగ్ ఆనకట్ట. తోట ఉత్తర భాగానికి తూర్పు అంచు ఈ నదే. నీళ్ళు పాలు కలిపిన పచ్చ రంగులో ఉన్నాయి. ఆల్ప్స్ కొండల నుంచి సున్నపురాయి పొడిని తెచ్చే నీళ్ళు కదా. దారి తప్పినందుకు నాకు మంచి దృశ్యమే దొరికింది.

సైకిళ్ళు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్న ముసలి దంపతులను దారి అడిగాం. ఇక్కడివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు నవ్వరు, మాట కలపరు. కానీ అడిగితే సగం సగం చెప్పి వదిలెయ్యరు. ఆయన లేచి, సైకిలు నడిపించుకుంటూ మాతోపాటు చీలిక దాకా వచ్చి, ఏ చెట్టు దగ్గర తిరగాలో చూపించి, "గ్రూస్ గాట్" అని వెనక్కి వెళ్ళాడు. జనం పలచగా ఉన్న ఈ దారుల్లో ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ ఆ పలకరింపు అనడం గమనించాను. ఊరి నడిబొడ్డుకు చేరేకొద్దీ అది తగ్గిపోతుంది.

తోటను రెండు ముక్కలు చేస్తూ ఒక పెద్ద రోడ్డు ఉంది, ఈజార్‌రింగ్. 1960లలో వేశారు. దాని మీది వంతెన ఎక్కుతుంటే అప్పటిదాకా విన్న పిట్టల గొంతులన్నీ కార్ల మోతలో కొట్టుకుపోయాయి. ఈ రోడ్డును సొరంగంలోకి దించి తోటను మళ్ళీ ఒకటి చెయ్యమని ఊరివాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నారు. ఆ వంతెన మీద ఒక్క నిమిషం నిలబడినవాళ్ళెవరైనా అదే అడుగుతారు.

వంతెన దిగితే క్లైన్‌హెసెలోహర్ సరస్సు. పడవలు, బాతులు, మనిషిని లెక్కచెయ్యని బూడిదరంగు అడవి బాతుల గుంపు. రాత్రి తొమ్మిదైనా వెలుతురు పోలేదు. మనవరాలికి మర్నాడు బడి ఉంది కాబట్టి లేచాం.

శుక్రవారం: నిలబడిపోయిన అల, నిలబడి చదివిన రాయి

శుక్రవారం మధ్యాహ్నానికే ఇక్కడి ఆఫీసులు సగం ఖాళీ. అల్లుడు తొందరగా వచ్చి, "అత్తయ్యా, మీరు చూడాల్సిన ఫిజిక్స్ ఒకటుంది" అని దక్షిణపు కొసకు తీసుకెళ్ళాడు.

హౌస్ డెర్ కున్స్ట్ అని పొడవాటి స్తంభాల భవనం ఉంది. 1937లో నాజీలు తమ కళను చూపించుకోవడానికి తెరిచిన ప్రదర్శనశాల. దాని పక్కనే వంతెన, వంతెన కింద నుంచి ఐస్‌బాఖ్ అనే కాలవ తోటలోకి దూకుతుంది. మేము వెళ్ళినప్పుడు ఆ దూకినచోట అల లేచి ఉంది. సముద్రపు అల అయితే వచ్చి విరిగిపోతుంది. ఇక్కడ నీళ్ళు ముందుకు పరిగెడుతూనే ఉంటాయి, అల మాత్రం ఉన్నచోటే ఉంటుంది. లోతు తక్కువగా, వేగంగా వచ్చిన నీళ్ళు లోతైన నిదాన ప్రవాహానికి తగిలి పైకి లేస్తాయి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తినప్పుడు కింద నీళ్ళు ఎగిరి తెల్లగా సుడి తిరగడం చూసినవాళ్ళకు ఇది అర్థమవుతుంది. అక్కడ భయపడి దూరం జరుగుతాం, ఇక్కడ ఆ ఎగిరిన నీటి మీద కుర్రాళ్ళు పలకలెక్కి నిలబడుతున్నారు.

రెండు గట్ల మీదా రెండు వరసలు. ఈ గట్టు నుంచి ఒకరు, ఆ గట్టు నుంచి ఒకరు. ఎవరూ ఈల ఊదరు, పేరు పిలవరు. పడిపోయిన మనిషి కొట్టుకుపోయి, కింద ఎక్కడో ఒడ్డెక్కి, మళ్ళీ వరస చివర నిలబడతాడు. ఒకమ్మాయి ఎక్కీ ఎక్కగానే పడింది. వరసలో ఉన్నవాళ్ళు పలకల మీద చేత్తో తట్టి చప్పుడు చేశారు. మళ్ళీ వంతు వచ్చినప్పుడు చాలాసేపు నిలిచింది. 1970ల నుంచి ఇలా ఆడుతూ వచ్చారు, 2010లో గానీ అధికారికంగా అనుమతి రాలేదు. బాగా అనుభవం ఉన్నవాళ్ళే దిగాలని బోర్డు ఉంది. చూస్తేనే తెలుస్తుంది, ఆ రాళ్ళ మధ్య ఆ వేగానికి అది పిల్లల ఆట కాదని. వంతెన మీద నాలాంటి ప్రేక్షకులు వందల మంది. ఖర్చు ఏమీ లేదు.

కాలవ వెంబడే లోపలికి నడిచాం. అల్లుడు కాస్త మొహమాటపడుతూ, "ముందున్న మైదానంలో కొందరు బట్టలు లేకుండా ఎండలో పడుకుంటారు అత్తయ్యా. కావాలంటే చుట్టుదారిలో వెళ్దాం" అన్నాడు. ఆ మైదానం పేరు షోన్‌ఫెల్డ్‌వీజె. దశాబ్దాలుగా అది అక్కడ మామూలు విషయమేనట. దగ్గరి దారిలోనే వెళ్దామన్నాను. మొదటి కొన్ని అడుగులు నేల చూపులే. తర్వాత తల ఎత్తాను. ఎక్కువమంది నా వయసువాళ్ళూ, నాకన్నా పెద్దవాళ్ళూ. ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. ఒకావిడ పొట్ట మీద ఆపరేషన్ మచ్చ పొడుగ్గా కనపడుతోంది, ఆవిడ పుచ్చకాయ ముక్క తింటోంది. తమ ఒంటి గురించి ఎవరికీ టెన్షన్ లేదు. దారిన పోయేవాళ్ళెవరూ ఆగి చూడరు, ఫోను పైకెత్తరు. ఆ మర్యాదే లేకపోతే ఈ స్వేచ్ఛ ఒక్క పూట కూడా నిలవదు.

ఎండకు తట్టుకోలేక కాలవలోకి దూకి, ప్రవాహంతో కిందికి కొట్టుకుపోయేవాళ్ళు ఇంకొందరు. ఈత వద్దని బోర్డులున్నాయి, ప్రమాదమే, అయినా దూకుతారు. చాలా దూరం పోయి టివోలీ వంతెన దగ్గర ఒడ్డెక్కి, నీళ్ళు కారుతున్న ఈత బట్టలతో, చెప్పులు కూడా లేకుండా ట్రామ్ ఎక్కి మొదటికి వస్తారు. ట్రామ్‌లో వాళ్ళ పక్కన సూటు వేసుకున్న ఉద్యోగి కాళ్ళు కొంచెం పక్కకు జరుపుకుని కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

గడ్డి మీద కూర్చుని నిమ్మ సోడా తాగాం. అల్లుడు ఖాళీ సీసాలను చెత్తబుట్టలో వెయ్యకుండా బుట్ట పక్కన నిలబెట్టాడు. ఎందుకని అడగబోయేలోపే ఒకావిడ సైకిలు ఆపింది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, చక్కగా దువ్విన తెల్లజుట్టు, సైకిలుకు రెండు వైపులా సంచులు. సీసాలు తీసుకుని "డాంకె" అని మెల్లగా చెప్పి వెళ్ళింది. ఇక్కడ చాలా రకాల సీసాల మీద డిపాజిట్ ఉంటుంది, దుకాణంలో తిరిగిస్తే డబ్బులొస్తాయి. ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్లు, మామూలు బీరు సీసాకు 8 సెంట్లు. అంటే పది యూరోలకు నూట పాతిక బీరు సీసాలు ఏరాలి. ఏరుకునేవాళ్ళు చెత్తలో చెయ్యి పెట్టాల్సిన పని లేకుండా సీసాను పక్కన పెట్టడం ఇక్కడివాళ్ళు అలవాటు చేసుకున్నారు. పింఛను చాలనివాళ్ళు ఇలా చాలామంది ఉన్నారని అల్లుడు చెప్పాడు. కార్లు తయారు చేసే ఇంత ధనిక నగరంలో ఆ వయసులో ఆ పని చెయ్యాల్సి రావడం నాకు కష్టంగానే అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

ఆ వెంటనే రంఫర్డ్ స్మారకం దగ్గరికి వెళ్ళడం కాకతాళీయమే. దక్షిణం వైపు, వీధికి దగ్గర్లో, చెట్ల నీడన రాతి కట్టడం. 1795లో, ఆయన బతికుండగానే పెట్టారు. దాని మీది జర్మన్ వాక్యాలు అల్లుడు చదివి చెప్పాడు. నడిచేవాడా, కాస్త ఆగు, కృతజ్ఞత వల్ల ఆనందం పెరుగుతుంది అని మొదలవుతుంది. బీడుగా ఉన్న ఈ చోటును నువ్విప్పుడు చూస్తున్న తోటగా మార్చింది మానవ మిత్రుడైన రంఫర్డ్ అంటుంది. ఇంకో వైపు, సోమరితనాన్నీ, బిచ్చగాళ్ళనూ ఊళ్ళో లేకుండా చేశాడని పొగడ్త.

ఆ రెండో వైపు దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. రంఫర్డ్ అసలు పేరు బెంజమిన్ థామ్సన్. అమెరికాలో పుట్టి, అక్కడి స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ పక్షం వహించి, చివరికి బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ కొలువుకు చేరాడు. 1789 జూలైలో పారిస్‌లో బాస్టిల్ కోట పడింది. ఆగస్టులో ఇక్కడ ఈ పాలకుడు తన వేటభూమిని ప్రజల తోటగా మార్చమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ తర్వాతి జనవరి ఒకటో తారీకున రంఫర్డ్ సైనికులను పంపి ఊళ్ళోని బిచ్చగాళ్ళందరినీ పట్టించి పనిశాలకు చేర్చాడు. అక్కడ వాళ్ళు సైన్యానికి బట్టలు కుట్టాలి. తిండికి బార్లీ, ఎండు బఠాణీ, బంగాళాదుంప కలిపి గంటలకొద్దీ కాచిన సూపు. తక్కువ ఖర్చుతో ఎక్కువమంది కడుపు నింపడం ఎలాగని ఆయన లెక్కలు వేసి మరీ రాశాడు. అనుమతి అడగకుండా మనుషుల్ని పట్టుకెళ్ళాడు, కానీ ఆకలితో వదలలేదు. ఇన్నేళ్ళు పిల్లలకు చెప్పిన ఫిరంగి కథకు ఈ మనిషిని కూడా కలిపి చెప్పి ఉండాల్సింది అనుకున్నాను. వేడి గురించి పట్టుదలగా ఆలోచించిన బుర్రే పొయ్యి గురించీ, సూపు గురించీ, సైనికుల బట్టల గురించీ అంతే పట్టుదలగా ఆలోచించింది.

శనివారం: చైనా గోపురం కింద పులిహోర

ఉదయం నుంచే వంటింట్లో హడావుడి. పులిహోర, గారెలు, కొబ్బరి పచ్చడి. "బీరు తాగే చోటికి ఇవన్నీ మోసుకెళ్తే లోపలికి రానిస్తారా?" అని నా భయం. "ఇక్కడ చట్టమే ఉందమ్మా" అంది అమ్మాయి.

నిజంగానే ఉంది. పూర్వం బవేరియాలో ఎండాకాలం బీరు కాచకూడదు. సెప్టెంబరు చివర నుంచి ఏప్రిల్ దాకానే కాయాలి. వేసవి అమ్మకానికి సరిపడా కాచి, నది గట్ల దగ్గర తవ్విన నేలమాళిగల్లో దాచేవారు. మాళిగ చల్లగా ఉండాలని పైన పెద్ద ఆకుల చెస్ట్‌నట్ చెట్లు నాటారు. చెట్ల కింద బల్లలు వేసి నేరుగా అమ్మడం మొదలయ్యేసరికి, ఊళ్ళో హోటళ్ళవాళ్ళు తమ వ్యాపారం పోతోందని రాజుకు మొరపెట్టుకున్నారు. 1812 జనవరిలో రాజు మాక్సిమిలియన్ ఒక తీర్పు ఇచ్చాడు. బీరు అమ్ముకోవచ్చు, రొట్టె అమ్మవచ్చు, వేరే తిండి పెట్టకూడదు. దాంతో జనం ఎవరి తిండి వాళ్ళు తెచ్చుకోవడం మొదలైంది. తర్వాత తిండి అమ్మకం వచ్చినా ఈ హక్కు పోలేదు. ఇప్పుడు రాష్ట్ర నిబంధనల్లోనే ఉంది. తాగేది మాత్రం అక్కడే కొనాలి. గుడ్డ పరిచిన బల్లలు వడ్డించే హోటలువి, వాటి జోలికి పోకూడదు. గుడ్డ లేని బల్ల ఎవరిదైనా కావచ్చు.

చైనా గోపురం పాతిక మీటర్ల ఎత్తున్న అయిదంతస్తుల కట్టె కట్టడం. 1790లో కట్టారు, 1944 జూలై బాంబుల్లో కాలిపోయింది, 1952లో ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టారు. చుట్టూ ఏడువేల మంది కూర్చునే బల్లలు. గోపురం మొదటి అంతస్తులో బ్యాండువాళ్ళు బూరలు ఊదుతున్నారు. ఇన్ని బల్లలున్నా ఖాళీ లేదు. అల్లుడు ఇద్దరు ముసలివాళ్ళున్న బల్ల దగ్గరికి వెళ్ళి ఇక్కడ చోటుందా అని అడిగాడు. ఆయన తల ఊపి తన సామాను జరిపాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఒకే బల్ల మీద భోజనం ఇక్కడ నియమం. చోటున్నా లేదనడం అమర్యాద.

లీటరు బీరు గ్లాసు పది యూరోల పైమాటే. గ్లాసుకు వేరే డిపాజిట్ కట్టి బిళ్ళ తీసుకోవాలి, గ్లాసూ బిళ్ళా కలిపి ఇస్తేనే డబ్బు వెనక్కి. నేను ఆపిల్ రసంలో సోడా కలిపింది తీసుకున్నాను. మనవరాలికి దాని మొహం కన్నా పెద్ద బ్రెట్సెల్ అనే మెలికల రొట్టె, అయిదు యూరోలు దాటింది. పైన ఉప్పుకల్లు, లోపల మెత్తగా, మా నలుగురం తిన్నా ఇంకా మిగిలింది.

ఎదురు పెద్దాయన సంచిలోంచి తెల్ల ముల్లంగి తీశాడు. చిన్న పరికరం గుచ్చి తిప్పితే, ఎక్కడా తెగకుండా పొడుగ్గా చుట్టలా వచ్చింది. మడతల మధ్య ఉప్పు చల్లి అలా ఉంచాడు. కాసేపటికి నీరు ఊరి ఘాటు తగ్గింది. అప్పుడు మా వైపు జరిపి, తినమని సైగ చేశాడు. ఆయన భార్య ఒబాట్స్‌డా పెట్టింది. మెత్తటి చీజు, వెన్న, ఉల్లిపాయ, ఎర్ర మిరప పొడి కలిపిన ముద్ద. నాకు చీజు వాసన పడదు, ఇది మాత్రం బ్రెట్సెల్‌తో రెండోసారి అడిగి తిన్నాను. మేము గారెలు పెట్టాం. పెద్దాయన గారెను వెలుతురుకెత్తి, కంతలోంచి మనవరాలిని చూసి, ఇది ఎందుకని అడిగాడు. నూనె మధ్యలోకీ వెళ్ళి లోపలి పిండి కూడా సమంగా వేగడానికి అని నేను చెబితే, మనవరాలు జర్మన్‌లో చెప్పింది. ఆయన తృప్తిగా తల ఊపాడు. జీవితమంతా యంత్రాల పని చేశాడట. పులిహోర ఆవిడకు నచ్చింది. ఎండుమిరపకాయ పక్కన పెట్టమని చెప్పే లోపే ఆయన నమిలేశాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, గ్లాసు ఎత్తి, నా కళ్ళలోకి సూటిగా చూసి "ప్రోస్ట్" అన్నాడు. గ్లాసు తగిలించేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడాలి, అది వాళ్ళ పద్ధతి.

ఖాళీ గ్లాసులు ఏరే బండి తోసుకుంటూ ఒక కుర్రాడు మా బల్ల దగ్గర ఆగిపోయాడు. "ఆంటీ, మీరు తెలుగోళ్ళా? పులిహోర వాసన అక్కడి దాకా వచ్చింది." ఖమ్మం అబ్బాయి. దగ్గర్లోని గార్షింగ్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు, శని ఆదివారాలు ఇక్కడ పని. ఈ చెట్ల కింద వందలసార్లు తిరిగాను కానీ ఒక్కసారి కూడా కూర్చోలేదు ఆంటీ అన్నాడు, ఫిర్యాదులా కాదు, మామూలుగానే. కాగితం పళ్ళెంలో పెట్టిస్తే, డ్యూటీలో తినకూడదని బండి కింది అరలో దాచుకున్నాడు. అద్దె ఎంతంటే, చిన్న గదికి నెలకు ఆరేడు వందల యూరోలని చెప్పాడు. అదే ఎక్కువ టెన్షన్ అట.

తర్వాత మనవరాలు 1913 నాటి రంగులరాట్నం ఎక్కింది. సాయంత్రం మోనోప్టెరోస్ అనే గ్రీకు మండపం ఉన్న దిబ్బ ఎక్కాం. ఊరి గోపురాలన్నీ కనిపిస్తాయి. మెట్ల మీద కుర్రకారు గిటార్లతో కిక్కిరిసి ఉన్నారు. పొద్దున్నే లేవాలి కాబట్టి ఎక్కువసేపు ఉండలేదు.

ఆదివారం: తెల్లవారుజామున వంటవాళ్ళ నాట్యం

జూలై మూడో ఆదివారం అదే గోపురం దగ్గర కోఖర్ల్‌బాల్, అంటే వంటవాళ్ళ నాట్యం, జరుగుతుంది. మేము చేరేసరికి ఇంకా చీకటి. కానీ బల్లలన్నీ నిండిపోయాయి, ప్రతి బల్ల మీదా కొవ్వొత్తులు. ఇళ్ళ నుంచి తెల్ల గుడ్డలు, వెండి దీపపు సెమ్మెలు, పూలు, ఉడికించిన గుడ్లు, కేకులు తెచ్చుకున్నారు. ఆడవాళ్ళు సంప్రదాయపు గౌన్లలో, మగవాళ్ళు తోలు నిక్కర్లలో. చాలామంది పాతకాలపు పనిమనుషుల వేషంలో, నల్ల గౌను, తెల్ల ఏప్రన్, తలకు తెల్ల టోపీ.

1880ల నుంచి ఊళ్ళోని వంటమనుషులు, ఆయాలు, గిన్నెలు తోమే అమ్మాయిలు, గుర్రపు బండి తోలేవాళ్ళు వేసవి ఆదివారాల్లో తెల్లవారుజామున అయిదింటికి ఇక్కడికి వచ్చి నాట్యం చేసేవారు. ఎనిమిదింటికల్లా వెళ్ళిపోవాలి. యజమానులు లేస్తారు, ఫలహారం పెట్టాలి, చర్చికి పోవాలి. తమకంటూ ఉన్న సమయం అదొక్కటే. ఒక్కోసారి అయిదువేల మంది దాకా వచ్చేవారట. 1904లో నీతి చాలడం లేదని పోలీసులు దీన్ని నిషేధించారు. వారమంతా ఇంకొకరి ఇల్లు నడిపిన మనుషులు మూడు గంటలు చేతులు పట్టుకుని తిరిగితే చెడిపోయిన నీతి ఏమిటో నాకు అర్థం కాలేదు. 1989లో, తోటకు రెండు వందల ఏళ్ళు నిండిన సందర్భంలో, ఊరు దీన్ని మళ్ళీ మొదలుపెట్టింది.

రంఫర్డ్ తర్వాత తోటను చాలా ఏళ్ళు తీర్చిదిద్దిన స్కెల్ అనే ఉద్యాన శిల్పి, అన్ని వర్గాల మనుషులూ కలిసి తిరిగే చోటుగా దీన్ని ఊహించాడు. ఆ ఊహను నిజం చేసింది ఈ వంటమనుషులే అని నా నమ్మకం. ఎవరూ పిలవకుండా, దొరికిన వేళకే వచ్చి, తోటను తమది చేసుకున్నారు.

ఆరింటికి బ్యాండు మొదలైంది. ముందు వాల్ట్స్, పోల్కా. రాని వాళ్ళ కోసం వేదిక మీద నాట్యం నేర్పే జంట నిలబడి ఒక్కో అడుగూ చెబుతోంది. మా బల్లకు అటువైపు తెల్ల టోపీ పెట్టుకున్న ఒకావిడ, తన ఏప్రన్ అంచు లేసు చూపించి, ఇది మా అమ్మమ్మది, ఆవిడ ఈ ఊళ్ళోనే ఒక డాక్టరు గారింట్లో పనిమనిషి అని ఇంగ్లిష్‌లో చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్న గర్వం నాకు బాగా నచ్చింది. ఫ్రాన్సేజ్ అనే వరసల నాట్యం రాగానే నా చెయ్యి పట్టుకుని లేపింది. మోకాళ్ళు నొప్పులని చెప్పాను, వినలేదు. ఎదురెదురుగా రెండు పొడవాటి వరసలు, ముందుకు నాలుగడుగులు, నమస్కారం, వెనక్కి నాలుగడుగులు, చేతులు మార్చి ఒక చుట్టు. నా చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఆవిడకిచ్చి తిరిగాను. ఎదురు వరసలో ఒక పొడుగాటి కుర్రాడు ప్రతిసారీ నాకోసం కొంచెం ఎక్కువ వంగి నమస్కరించాడు. చివరి చుట్టులో స్త్రీలను పైకెత్తి తిప్పుతారు. అది మొదలయ్యేలోగా నేను బల్ల దగ్గరికి చేరిపోయాను, మా అమ్మాయిని మాత్రం ఎత్తి తిప్పారు. మనవరాలు చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు ఎర్రబడ్డాయి.

ఎండ వచ్చింది. కొవ్వొత్తులు ఆర్పేశారు. మేము ఇడ్లీలూ, నిన్నటి పులిహోరా తిన్నాం. టోపీ ఆవిడ ఇడ్లీని తేనెతో తింది, బాగుందంది. అన్నీ కలిపి మా ఖర్చు నాలుగు కాఫీలు, ఒక బ్రెట్సెల్, ముప్ఫై యూరోల లోపే.

సరిగ్గా పదింటికి బ్యాండు ఆపేసింది. జనం గుడ్డలు మడిచి, సెమ్మెలు సంచుల్లో సర్దుకోసాగారు. గ్లాసుల బండి గలగలమంటూ వచ్చింది, ఖమ్మం అబ్బాయే. రాత్రి పది దాటాక ఇంటికెళ్ళి, పొద్దున నాలుగింటికి మళ్ళీ వచ్చాడట. "ఆంటీ, మీరు డ్యాన్స్ చేస్తుంటే అక్కడి నుంచి చూశాను" అన్నాడు. ఇంకో పావుగంటలో బ్రేక్ ఉందని చెబితే ఆగాం. వాడొచ్చాక అల్లుడు జరిగి చోటిచ్చాడు. ఆ చెట్ల కింద బల్ల దగ్గర కూర్చుని, డబ్బాలో మిగిలిన పులిహోరంతా తిన్నాడు. అడుగున ఉన్న వేరుసెనగపప్పులు మనవరాలూ వాడూ పంచుకున్నారు.